చదవని డిస్కులు

జనవరి 11

ఒరేయ్ బావమరిదీ,

నువ్వు పంపిన పొట్లం నిన్న అందింది. అట్టపెట్టె, దాని లోపల మెత్తటి గుడ్డ, గుడ్డ లోపల డిస్కు. పసిపిల్లకి కూడా ఇంత పదిలంగా పొత్తిళ్లు చుట్టరు. నేను నేర్పిన శుభ్రం నీ చేతిలో ఇంకా ఉందని సంతోషమేసింది.

కానీ అది నోరు విప్పలేదురా. ప్లేయరులో పెడితే గిర్రున తిరిగింది, కాసేపు ఆలోచించుకుంది, ఆఖరికి ‘డిస్కు లేదు’ అని చూపించింది. నా చేత్తో నేను పెట్టి ఎదురుగా కూర్చుంటే లేదంటుందేమిటి? తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మాట. టేపు అయితే ఎక్కడ నలిగిందో, ఎక్కడ తెగిందో కంటికి కనిపించేది. పెన్సిలు దూర్చి నాలుగు చుట్లు తిప్పితే దారికొచ్చేది. ఈ అద్దం బిళ్లని ఎలా బుజ్జగించాలో నాకు తెలియదు. డిస్కుల విద్య నీది, నువ్వే చెప్పాలి.

నా గది దర్జీ కొట్టు పైన. మిషన్లు నడుస్తున్నంతసేపూ గచ్చు సన్నగా వణుకుతూ ఉంటుంది, మంచం మీద పడుకుంటే రైల్లో ఉన్నట్టే. పని మీటింగు హాల్లో. మైకులు పెట్టడం, తీయడం. మాట్లాడేవాళ్లు మైకుని నోట్లో పెట్టుకోబోతారు, జానెడు దూరం ఉంచండి మహాప్రభో అని చెప్పడంతోనే నా రోజు గడిచిపోతుంది.

మీ అక్క పోయాక మన రికార్డింగు కొట్టులో నిలబడలేక తాళాలు నీ చేతిలో పెట్టి వచ్చేశాను. నన్ను కేకేసే గొంతు, కూరగాయలవాడితో బేరమాడే గొంతు ఇంకా చెవిలోనే ఉన్నాయి. పాఠం చదివే గొంతే జారిపోతోంది. అంధుల బడి పిల్లల కోసం మన గాజు గదిలో కూర్చుని చదివేటప్పుడు ఆమెకి వేరే గొంతు వచ్చేది చూశావూ, అది. ఆ టేపులన్నీ డిస్కుల్లోకి ఎక్కించమని అందుకే అడిగాను. ముందు తేనెటీగల పాఠం ఒక్కటి వినిపించినా చాలు.

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకంటావు. ఫోనులో నువ్వు సగం మాటలు మింగేస్తావు. కాగితం మీద మింగలేవు.

నీ భార్యకి, మా చెల్లెమ్మకి, దగ్గు తగ్గిందా?

నీ బావ


జనవరి 20

బావగారూ, నమస్కారం.

మీ ఉత్తరం చదివి నేనూ మీ చెల్లెలూ నవ్వుకున్నాం. మీరు ప్లేయరుతో తగువు పడుతుంటే ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. తప్పు మీది కాదు, డిస్కుదీ కాదు. ప్లేయరు పాతది. పాత ప్లేయర్లు ఫ్యాక్టరీలో అచ్చు కొట్టిన డిస్కులు చదువుతాయి గాని మనలాంటివాళ్లు బర్న్ చేసినవంటే మొరాయిస్తాయి. అచ్చు డిస్కులో గుంటలు నొక్కి ఉంటాయి. మనదాంట్లో రంగు పూత మీద వెలుగుతో కాల్చిన మచ్చలుంటాయి, అంతే. చత్వారం వచ్చినవాడికి కొట్టు బోర్డు కనబడుతుంది, పేపరు కనబడదు. ఇదీ అలాంటిదే.

ముందు ఇలా చేసి చూడండి. డిస్కుని అంచులతో పట్టుకుని, నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకి తుడవండి. పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పి తుడవకండి. గీత అలా పడిందంటే ప్లేయరు దాని వెంటే నడిచి తడబడుతుంది. తరవాత మూత తీసి లోపలున్న చిన్న కంటిని పొడి దూదితో అద్దండి, రుద్దకండి. డిస్కుని కిటికీలో ఎండ తగిలేచోట పెట్టకండి.

ఇవేవీ కాకపోతే తప్పు నా తొందరది. పని ఒత్తిడిలో ఎక్కువ వేగం మీద బర్న్ చేశాను. వేగంగా కాలిస్తే మచ్చలు పలచగా పడతాయి. ఈసారి నిదానంగా కాల్చి రెండోది పంపుతున్నాను.

కొట్టు సంగతి. గాజు గదికి రంగు వేయించాను. బడి పాఠాలు చదివించి డిస్కులుగా అమ్మే కంపెనీ ఒకటి మన పని చూసి ముచ్చటపడింది. అది కుదిరితే కొట్టు మళ్లీ నిలబడుతుంది. మీ చెల్లెలు కులాసా. ఆ మధ్య కొత్త ఫోటో దిగింది, బాగా వచ్చింది.

మీ బావమరిది


ఫిబ్రవరి 3

బావమరిదీ,

కంపెనీ కబురు విని కడుపు నిండింది. ఆ గాజు గదిలో మళ్లీ ఎవరో ఒకరు కూర్చుని చదువుతారంటే మీ అక్క ఎక్కడున్నా సంతోషిస్తుంది.

రెండో డిస్కూ చదవలేదు. నువ్వు చెప్పినట్టే చేశాను. మధ్య నుంచి అంచుకి తుడిచాను. మూత తీసి కంటిని దూదితో అద్దాను. లోపల దుమ్ముతోపాటు ఎప్పుడో చచ్చిన చీమ కూడా దొరికింది. దాని వల్లే అనుకుని సంబరపడ్డాను. కాదు. కిందికెళ్లి దర్జీ ప్లేయరులో పెట్టించాను. అది పొద్దున్నుంచి ఆగకుండా పాటలు పాడే యంత్రం, నీ డిస్కు పెట్టగానే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. దర్జీ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇస్త్రీ చేసి చూడమంటారా అని అడిగాడు. చివరికి హాల్లో మేనేజరమ్మ కంప్యూటరులో పెట్టింది. ‘ఇది ఖాళీ డిస్కు, ఇందులో ఏమైనా రాయమంటారా’ అని ఆ కంప్యూటరు నన్నే ఎదురు ప్రశ్న వేసింది.

ఒక సంగతి అడుగుతాను, తప్పుగా తీసుకోకు. నీకు నా మీద కోపముందా? నడవలేని కొట్టుని నీ నెత్తిన పడేసి నా దారి నేను చూసుకున్నాననుకుంటున్నావా? నీ చేతి పని నాకు తెలుసు. మనసు పెట్టి చేస్తే నీ పనికి వంక ఉండదు. కోపముంటే నాలుగు తిట్లు రాయి, పడతాను.

లేదూ, ఈ బర్న్ చేసే గొడవంతా నీకు బరువైతే మూల టేపులే పంపెయ్. బీరువాలో కింది అర, రేకు పెట్టె. అట్టల మీద మీ అక్క చేతిరాతతో పాఠాల పేర్లుంటాయి. నా టేపు రికార్డరు ఇంకా నిక్షేపంలా ఉంది.

నీ బావ


ఫిబ్రవరి 12

బావగారికి,

కోపమా అని అడిగారు. అడగకుండా ఉంటే బాగుండేది. పద్నాలుగేళ్లప్పుడు మీ దగ్గర పనికి చేరాను. టంకం వేయడం మీరు నేర్పారు, అన్నం అక్క పెట్టింది. మీ మీద నాకు కోపమెందుకుంటుంది? మీకే నా చేతి మీద నమ్మకం పోయినట్టుంది. మీ చెల్లెలు కూడా ఉత్తరం చదివి చిన్నబుచ్చుకుంది.

మూల టేపులు పోస్టులో వేయమంటారా? వాటికి బూజు పట్టింది. కదిపితే పూత రాలిపోయేలా ఉన్నాయి. దారిలో ఏమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను. అవి ఉన్నచోట ఉండనివ్వండి.

కంప్యూటరు ఖాళీ అనడానికి కారణం ఇప్పుడు తెలిసింది. బర్న్ చేశాక డిస్కుని చివర్లో మూయాలి. ఫైనలైజ్ చేయడం అంటాం. మూయకపోతే లోపల ఏముందో రాసిన యంత్రానికి తప్ప ఇంకోదానికి తెలియదు. ఉత్తరమంతా రాసి కవరు మీద చిరునామా రాయనట్టు. ఆ ఒక్క మెట్టు మర్చిపోయాను. మూడోది మూసి మరీ పంపుతాను. కొంచెం వ్యవధి ఇవ్వండి.

ఇంకో మాట. ఆ పాత ప్లేయరు మీద ఎంతకాలం నెట్టుకొస్తారు? కొత్తది తీసుకోండి. పాత టేపు రికార్డరు ఇస్తే మార్పిడి కింద పట్టుకునే కొట్లున్నాయి. టేపుల కాలం అయిపోయింది, దాన్ని ఇంకా మోయడమెందుకు?

మీ బావమరిది


మార్చి 9

బావమరిదీ,

నీ మనసు కష్టపెట్టాను. ముసలితనం చెవులకి రాకుండా నోటికి వచ్చినట్టుంది. చెల్లెమ్మకి కూడా నా మాటగా చెప్పు.

నువ్వన్నట్టే టేపు రికార్డరు ఇచ్చేసి కొత్త ప్లేయరు తెచ్చుకున్నాను. కొట్టువాడు దాన్ని బల్ల కిందికి తోసేస్తుంటే కాసేపు చూడలేకపోయాను. మీ అక్క మొదటి పాఠం దాంట్లోనే విన్నాం మనం ముగ్గురం. సరే, పోనీ.

మూడో డిస్కు అందింది. ప్లేయరు చదివింది. తెర మీద పాఠాల వరస వచ్చింది: తేనెటీగలు, వాన ఎలా కురుస్తుంది, మన గుండె. తేనెటీగల దగ్గర నొక్కాను. నిమిషాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. వాల్యూము పెంచాను. లేదు. వైర్లు తీసి మళ్లీ పెట్టాను, స్పీకరు మార్చాను. దర్జీ పాటల డిస్కు తెచ్చి పెడితే ఇల్లెగిరిపోయేలా పాడింది. నీది పెడితే మౌనం. అన్ని పాఠాలూ అంతే.

చివరికి హాలు నుంచి హెడ్‌ఫోన్లు తెచ్చుకుని, కింద మిషన్లు ఆగిన ఆదివారం పూట కూర్చుని ఆ మౌనాన్నే విన్నాను. నా జీవితమంతా వినడమే కదా పని. నీకూ మొదట నేర్పింది అదే. టేపు మీద ఏమీ లేనిచోట కూడా చప్పుడుంటుంది. సన్నటి బుస. గదిలో గాలి, ఫ్యాను, కుర్చీ, చదివే మనిషి ఊపిరి, ఏదో ఒకటి ఉంటుంది. నీ డిస్కులో అదేదీ లేదు. వైరు ఊడిందా అంటే, ఊడిన వైరు గుర్రుమంటుంది, అదీ లేదు. ఇది బావిలోంచి తోడిన నీళ్లలాంటి నిశ్శబ్దం కాదురా, ఖాళీ చెంబు.

ఇది ఏ టేపు మీంచి దిగిందో నాకు అర్థం కాలేదు. నువ్వు చెప్పు. ఏం చెప్పినా నమ్ముతాను.

నీ బావ


మార్చి 18

బావగారికి,

ఎక్కించేటప్పుడు వైరు వదులై ఉంటుంది. ఇంతకంటే కారణమేముంటుంది?

ఊపిరాడని పనిలో ఉన్నాను. కంపెనీ వాళ్లు రోజూ వచ్చి కూర్చుంటున్నారు. దానికి తోడు మీ ఉత్తరాలు. చిన్నప్పుడు టంకం చుక్క పక్కన పడితే స్కేలుతో వేళ్ల మీద కొట్టేవారు. ఇప్పుడు ఆ స్కేలు పోస్టులో వస్తోంది. బుస లేదు, ఊపిరి లేదు అంటూ పరీక్ష పెట్టి పేపరు దిద్దినట్టు రాస్తే నేనేం జవాబు చెప్పను?

చిన్నవాణ్ణయినా ఒక మాట చెప్తాను. అక్క పోయింది. ఆ గొంతు వింటూ కూర్చుంటే మీ ఆరోగ్యం పాడవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. కొన్నాళ్లు ఆ ధ్యాస వదిలేయండి. వీలైనప్పుడు నేనే చేసి పంపుతాను.

మీ బావమరిది


ఏప్రిల్ 6

బావమరిదీ,

మొన్న మా హాల్లో అంధుల బడి వాళ్ల సభ జరిగింది. మైకులు పెట్టి వెనక అద్దాల గదిలో కూర్చున్నాను. ఆ బడి మాస్టారు కర్ర తాటించుకుంటూ వచ్చి, సభ మొదలయ్యేదాకా పిల్లలకి వినిపించమని ఒక డిస్కు ఇచ్చాడు. పాఠాల డిస్కు. ఫ్యాక్టరీలో అచ్చు కొట్టినది, పైన బొమ్మలున్న పెట్టె. నేను పెట్టె చూడలేదు. డిస్కు తీసి పెట్టాను. తిరిగింది, చదివింది.

హాలంతా మీ అక్క.

తేనెటీగల పాఠం. ‘తేనెటీగ ఇల్లు మైనంతో కడుతుంది’ అంది. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ గుక్క తిప్పుకుంటుందో అక్కడే ఆగింది, అక్కడే తిప్పుకుంది. ‘రాణి ఈగ’ అన్నచోట వెనక నుంచి ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాది. ఆ రోజు గాజు తలుపు సరిగా వేయలేదని మీ అక్క నన్ను కోప్పడింది, నీకు గుర్తుండే ఉంటుంది. బటన్లు నొక్కింది నువ్వే కదా.

మాస్టారు నా పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది ఈ పాఠాలతోనేనట. బడికిచ్చిన టేపులు ఏనాడో అరిగిపోయాయట. “మా టీచరమ్మ గొంతు డిస్కులోకి వచ్చింది, పెట్టె మీద పేరు వేశారా, చదవండి” అన్నాడు. పెట్టె తీసి చదివాను. నీ భార్య పేరు. పక్కన ఆమె ఫోటో, కొత్తది, బాగా వచ్చిందని నువ్వు రాసినది.

మాస్టారు ఆ పేరు విని తల అడ్డంగా ఊపాడు. “తప్పు చదివారు, మళ్లీ చూడండి” అన్నాడు. చూపు లేని మనిషి అంత ధీమాగా అంటుంటే, చూపున్న నేను పెట్టె తిప్పి మళ్లీ అదే పేరు చదువుకున్నాను.

అయితే నా ప్లేయరు మంచిదే. దాని కన్నూ మంచిదే. దర్జీదీ, హాలుదీ అన్నీ మంచివే. నువ్వు పంపిన గుడ్డ, నువ్వు చెప్పిన దూది, నిదానంగా కాల్చడం, చివర్లో మూయడం, అన్నీ ఒట్టిమాటలు. నన్ను బొంగరంలా తిప్పావు. టేపులు నా చేతికొచ్చినా వినడానికి యంత్రం లేకుండా టేపు రికార్డరు కూడా అమ్మించావు. నా ఇంట్లో పెరిగినవాడివి కదా అని నీ తప్పులన్నింటికీ నేనే కారణాలు వెతికిపెట్టాను. చీమ మీద కూడా నెట్టాను.

నమ్మించి గొంతు కోయడం అని ఊరికే అనేస్తూ ఉంటాం. నువ్వు మీ అక్క గొంతు కోసి తీసుకెళ్లి ఇంకొకరి మెడకి అతికించావు.

నాకు ఒక్కటే తెలియాలి. చెల్లెమ్మకి ఇది తెలుసా?

బావ


ఏప్రిల్ 15

బావగారికి,

తెలియదు. పెట్టె ఇంకా మా ఇంటికి రాలేదు. ఫోటో తీయించింది కంపెనీ కార్డు కోసమని చెప్పాను. కాగితాలు కొట్టువని చెప్తే, చూపించినచోట సంతకం పెట్టింది.

మీరు నన్ను దొంగని చేసేముందు నా మాట కూడా వినండి. కొట్టు మునిగిపోతోంది. పెళ్లి వీడియోలు ఎవరికి వాళ్లే తీసుకుంటున్నారు, డిస్కు మీద ఎక్కించమని వచ్చేవాడు లేడు. కంపెనీ వాళ్లు కొత్త గొంతుల కోసం వచ్చి, నేను మాటవరసకి అక్క టేపు ఒకటి వినిపిస్తే కదలకుండా కూర్చుండిపోయారు. అవే కావాలన్నారు. చదివినావిడ సంతకం చేయాలన్నారు. పోయిందంటే భర్త సంతకం, అంటే మీది కావాలి. మిమ్మల్ని అడిగితే ఏమంటారో నాకు తెలియదా? అక్క ఆ పిల్లల కోసం ఊరికే చదివింది, అది అమ్ముకునే సరుకు కాదంటారు. అందుకే చదివింది నా భార్య అని చెప్పాను. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. టేపులన్నీ ఇచ్చేసి, మా దగ్గర నకలు ఏదీ ఉంచుకోబోమని రాసిచ్చాను. మీరు మొదటి డిస్కు అడిగేసరికే రేకు పెట్టె ఖాళీ. ఏం పంపను? ఏదో ఒకటి పంపుతూ ఉంటే మీరే విసిగి వదిలేస్తారనుకున్నాను.

అక్క బతికుంటే నా కోసం ఒప్పుకునేది. ఇది మీరూ కాదనలేరు.

ఇప్పుడు వాళ్లు రెండో విడత పాఠాలు చదవడానికి మీ చెల్లెల్ని రమ్మంటున్నారు. ఆరోగ్యం బాగాలేదని వాయిదా వేస్తున్నాను. ఏదో ఒక దారి చూసుకుంటాను. మీరు మాత్రం ఆ మాస్టారితో గాని, కంపెనీతో గాని ఏమీ అనకండి. బయటపడితే కొట్టు పోతుంది, మీ చెల్లెలు నలుగురిలో తలెత్తుకోలేదు.

కంపెనీ వాళ్లు శుభ్రంగా వచ్చిన పాఠాలే తీసుకున్నారు. అక్క తప్పు చదివి ఆపేసిన ముక్కలున్న టేపు ఒకటి మొన్న గాజు గదిలో దొరికింది. దాన్ని డిస్కుకి ఎక్కించి, మూసి, రెండు యంత్రాల్లో చదివించి చూశాకే ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇది ఆడుతుంది. దీనికి బదులు మీరు ఊరుకుంటే చాలు.

మీ బావమరిది


మే 20

బావమరిదిగారికి,

‘మీరు’ అని రాయడం అలవాటు లేక చెయ్యి తిరగలేదు. రెండు కాగితాలు చింపాను. ఇది మూడోది.

మీరు పంపిన వాటిలో చదివిన డిస్కు ఇదొక్కటే. ఊరుకోవడానికి పంపారు. అదే పట్టుకుని మాస్టారిని తోడు తీసుకుని కంపెనీకి వెళ్లాను. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. సంతకం చేసిన కాగితం చూపించి, ఇంతకంటే ఏం కావాలన్నాడు. డిస్కు పెట్టమన్నాను. ప్రతి ముక్కకీ ముందు మీ అక్క తన పేరు, పాఠం పేరు చెప్పి మొదలుపెడుతుంది కదా, అలా చెప్పమని నేర్పింది నేనే. కంపెనీకిచ్చిన టేపుల్లో అది చెరిపేశారు, ఇందులో మర్చిపోయారు. ఆ పెద్దమనిషి ఆ పేరు మూడుసార్లు విన్నాడు. తరవాత కాగితం ఫైల్లో పెట్టేసి, మీ భార్యని ఒకసారి వచ్చి చదవమని కబురు చేస్తానన్నాడు.

ఆ రోజు మీరూ ఆమెతో వచ్చారు. మిమ్మల్ని బయటి గదిలో కూర్చోబెట్టారు కాబట్టి లోపల ఏం జరిగిందో మీకు సరిగా తెలియకపోవచ్చు. నేను లోపలే ఉన్నాను, చెప్తాను.

చెల్లెమ్మ నన్ను చూసి, “అన్నయ్యగారూ, మీరూ ఇక్కడేనా, ఎప్పుడొచ్చారు” అని నవ్వుతూ పలకరించింది. మీ నోటి నుంచి ఆమెకి అప్పటికీ ఏ మాటా చేరలేదని అప్పుడే తెలిసింది. మైకు ముందు కూర్చోబెట్టి పాఠం ఇచ్చారు. రెండు వరసలు చదివింది. మంచి గొంతే, కానీ అది వేరే గొంతు. ఆపమని, అచ్చైన డిస్కు వేసి, ఇది మీరు చదివిందేనా అని అడిగారు. పెట్టె ఆమె ముందు పెట్టారు. ఆమె తన ఫోటో చూసుకుంది, పాఠం వింది, మళ్లీ ఫోటో చూసుకుంది. నా వైపు చూడలేదు.

“ఇది మా వదిన గొంతు” అంది. “ఈ సంతకం నాదే. ఆయన పెట్టమంటే పెట్టాను. ఏమిటని అడగలేదు. అడగాలని తోచలేదు.”

తరవాత మంచినీళ్లు అడిగింది. గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

జరిగింది ఇది. ఇకమీద అచ్చయ్యే పెట్టెల మీద మీ అక్క పేరు వేస్తారు. ఇప్పటికే అచ్చైన వాటి మీద చీటీ అతికిస్తారు. అంధుల బడులకి ఊరికే ఇస్తారు. మూల టేపులు మాస్టారి బడిలో ఉంటాయి. వాటికి బూజు పట్టలేదు. ఈ షరతుల మీద భర్తగా నేను సంతకం పెట్టాను. మీ కొట్టుతో వాళ్లు చేసుకున్న ఒప్పందం ఉంచుతారో తీసేస్తారో నేను అడగలేదు, తీసేయమని చెప్పలేదు.

సంతకం పెడుతుంటే ఒకటి తట్టింది. మీరు నన్ను అడిగి ఉంటే ఇదే సంతకం ఆ రోజే పెట్టేవాణ్ణి. పిల్లలకి ఊరికే ఇవ్వండి, మిగతాది మీ ఇష్టం, కొట్టు నిలబెట్టుకోండి అనేవాణ్ణి. నేను కాదంటానని మీరే అనుకుని, మీరే నమ్మి, నేను అనని మాటకి నాకు శిక్ష వేశారు. అక్క ఒప్పుకునేదని రాశారు. ఒప్పుకునేదే. ఆమెని కూడా మీరు అడగలేదు.

చెల్లెమ్మ నాకు ఎప్పుడు రాసినా జవాబు రాస్తాను. వదిన లేకపోయినా అన్నయ్య ఉన్నాడని ఆమెతో చెప్పండి. మీకు మాత్రం ఇదే ఆఖరి ఉత్తరం. జవాబు రాయకండి. వస్తే విప్పకుండా తిప్పి పంపుతాను.

మీ డిస్కు నిన్న మొదటి నుంచి విన్నాను. గాలి ఉంది, ఫ్యాను ఉంది, కుర్చీ కిర్రుమంటుంది. ‘పరాగ సంపర్కం’ అనే మాట దగ్గర మీ అక్క నాలుగుసార్లు తడబడింది, ఐదోసారి నవ్వాపుకోలేకపోయింది. వెనక నుంచి నా గొంతు వినిపించింది. ఇన్ని తప్పులు ఒకే టేపు మీద దాస్తున్నారు, ఎవరి చేతిలోనైనా పడితే పంతులమ్మ పరువు ఏమవుతుందని వేళాకోళం చేస్తున్నాను. ఆమె నవ్వు ఆపుకుంటూ అంది:

“మా తమ్ముడి దగ్గరే ఉందిగా. వాడు చూసుకుంటాడు.”

అక్కడ ఆపేశాను. ఇంకా ఎంత ఉందో చూడలేదు.

ఇట్లు,
మీ అక్కగారి భర్త